పెన్సిలు రాత

మూడో రోజు పొద్దున కూడా అత్తగారు నోరు విప్పలేదు.

అలిగి తలుపు వేసుకుని కూర్చుంటే అదొక దారి. తలుపు కొట్టొచ్చు, బతిమాలొచ్చు, కాళ్ళావేళ్ళా పడొచ్చు. ఆవిడ తలుపు బార్లా తెరిచే ఉంచారు. ఆరింటికి లేచారు, స్నానం చేశారు, ఒక్క కప్పు టీ పెట్టుకుని తాగారు. ఆ ఇంట్లో ఇరవయ్యారేళ్ళుగా ఎవరు ముందు లేస్తే వాళ్ళు రెండు కప్పులు పెట్టడం అలవాటు. అత్తాకోడళ్ళు టీ తాగుతూ ఊరందరి సంగతులూ చెప్పుకుని పగలబడి నవ్వుకుంటూ ఉంటే, "మీ ఇద్దరి మధ్యా నేను అద్దెకున్నవాణ్ణి" అని కొడుకు వేళాకోళం చేసేవాడు. ఈ పూట స్టవ్ పక్కన బోర్లించి ఉన్న రెండో కప్పు చూసి కోడలికి ఏడుపొచ్చింది.

భోజనాల బల్ల మీద అత్తగారి ముందు రెండు వస్తువులున్నాయి. ఒకటి ఆవిడ స్కూలు సర్టిఫికెట్టు. రెండోది ఆవిడ అమ్మానాన్నల పెళ్ళి ఫోటో. కళ్ళజోడు సర్దుకుని సర్టిఫికెట్టు చూస్తారు. ఫోటో తిప్పి వెనక ఉన్న తారీఖు చూస్తారు. మళ్ళీ సర్టిఫికెట్టు.

"కాస్త ఏమైనా తినండి అత్తయ్యా."

అత్తగారు ఫోటో మళ్ళీ తిప్పారు.

"మందులు వేసుకోవాలి కదా. ఖాళీ కడుపుతో..."

"నీకు ముందెప్పుడూ అనుమానం రాలేదా?" అన్నారు అత్తగారు.

మూడు రోజుల తర్వాత వచ్చిన మొదటి మాట. తగలకూడని చోటే తగిలింది.

"దేని గురించండీ?"

"ఆ జాకెట్టు పదకొండేళ్ళుగా నీ చేతిలోనే ఉంది. నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి కనబడింది నీకు కనబళ్ళేదా అని."

స్టవ్ మీద ఏమీ లేకపోయినా కోడలు అటు తిరిగింది. "కొన్ని కొత్త కళ్ళకే కనబడతాయండీ. నేను దాన్ని స్టాండు మీద బొత్తాలు పెట్టి ఉంచేదాన్ని. లోపల తిప్పి చూసే అవసరం..."

మాట అక్కడే వదిలేసింది. పూర్తి చేస్తే అది నిండు అబద్ధమవుతుంది.

అత్తగారు "ఊఁ" అన్నారు. నమ్మారు. అదే కోడలి గుండెల్లో రాయిలా పడింది. ఆవిడ నమ్మకపోయినా బాగుండును.

బుధవారం జరిగింది ఇదీ.

కోడలు యూనివర్సిటీలో పాత బట్టల సేకరణకి సంరక్షకురాలు. పెళ్ళి గౌన్లు, నర్సుల యూనిఫారాలు, కూలీల చొక్కాలు, పసిపిల్లల టోపీలు, అన్నీ కలిపి నాలుగు వందల పైచిలుకు. సొరుగుల్లో పల్చటి తెల్లకాగితాల మధ్య పడుకుని ఉంటాయి. చరిత్ర చదివేవాళ్ళూ డిజైను చదివేవాళ్ళూ వచ్చి వాటిని పుస్తకాల్లా చదువుతారు. చదవడానికి కొన్ని పద్ధతులున్నాయి. మొదటి పది నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళతోనే చూడాలి. ఎవరిది, ఎప్పటిది అన్న చీటీ ముందు చూపించరు. తర్వాత బట్టని తిరగేసి లోపలి నుంచి మొదలుపెట్టాలి. పైవైపు నలుగురికీ చూపించుకునేది, లోపలివైపు నిజంగా జరిగింది అని ప్రతి ఏడూ ఆమే చెబుతుంది. సిరా చుక్క పడితే వందేళ్ళ పట్టు పాడైపోతుంది కనక ఆ గదిలోకి పెన్ను రాకూడదు. గుమ్మంలోనే పెన్నులు లాక్కుని తలా ఒక పెన్సిలు చేతిలో పెడుతుంది. అందుకని ఆమె పేరు పెన్సిల్ మేడం అయి కూర్చుంది.

బట్టలిచ్చిన వాళ్ళని ఏడాదికోసారి క్లాసు చూడ్డానికి పిలుస్తారు. ఈ ఏడు అత్తగారి వంతు. ఆవిడ కొత్త చెప్పులు వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తన తల్లి పెళ్ళినాడు తొడుక్కున్న నీలం పట్టు జాకెట్టు, పొడుగు చేతులది, నడుం దిగేది, చదువుకునే పిల్లలకి పాఠమైందని ఆవిడకి ఎంత గర్వమో! వచ్చిన వాళ్ళకీ పోయిన వాళ్ళకీ చెప్పుకునేవారు.

ఆ జాకెట్టు ఎప్పుడూ స్టాండు మీదే ఉండేది. పట్టు బలహీనంగా ఉంది, ముట్టుకోవద్దని కోడలు చెప్పేది. ఆ రోజు స్టాండు వేరే గౌనుకి కావలసి వచ్చి, అటెండరు దాన్ని కూడా తక్కిన వాటితో పాటు బల్ల మీద పరిచేశాడు. కోడలు చూసేసరికే దాని ముందు భూతద్దం నిలబడి ఉంది. భూతద్దమంటే మనిషే. మెళ్ళో భూతద్దం వేలాడేసుకుని తిరిగే రెండో సంవత్సరం పిల్ల. క్లాసులో ఎవరు పెట్టారో గానీ ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

"ఇది ఇద్దరు తొడుక్కున్న జాకెట్టు," అని మొదలుపెట్టింది ఆ పిల్ల. "మొదటావిడ పొడగరి. తర్వాత చేతులు నాలుగు వేళ్ళ మేర లోపలికి మడిచి కుట్టారు. ఆ మడతలో రంగు వెలవలేదు. పక్కలు రెండూ లోపలికి పట్టారు. ముందు కుచ్చుల కింద చూడండి, రెండు వైపులా నిలువు చీలికలున్నాయి. పాలివ్వడానికి కోసుకున్నవి. లైనింగు మీద పాలమరక కూడా ఉంది. ఆ చీలికలు మూసేసిన చెయ్యి వేరు. మొదటి కుట్లు కుడిచేతివి, ఇవి ఎడంచేతి వాటం. అంటే మూసింది రెండో ఆవిడ."

అప్పుడు పెళ్ళి ఫోటో చూపించారు. ఫోటోలో పెళ్ళికూతురు పెళ్ళికొడుకు భుజం దాకా కూడా రాదు.

"అయితే ఈవిడ రెండో ఆవిడన్నమాట," అంది భూతద్దం. ఆ పిల్లకి ఆ గదిలో ఎవరు ఎవరో తెలియదు. "మొదటావిడ అప్పటికి లేదేమో. ఆ పాలు తాగిన బిడ్డ ఏమైందో మాత్రం బట్ట చెప్పదు."

ఆ బిడ్డ డెబ్బయ్యొకటో ఏట ముందు వరసలో కూర్చుని ఉంది. స్కూలు సర్టిఫికెట్టులో ఆవిడ పుట్టిన తేదీ తల్లి పెళ్ళికి ఏడాదిన్నర ముందుది. బళ్ళో తొందరగా చేర్చుకుంటారని నాన్న వయసు పెంచి వేయించాడని ఇంట్లో చెప్పిన మాట ఇన్నేళ్ళూ ఆవిడకి వేదం. పొట్టివాళ్ళ ఇంట్లో తనొక్కతే తాటిచెట్టులా ఎదిగిందని తమ్ముడు వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేవారు. క్లాసు అయ్యాక ఎవరూ లేవకముందే ఆవిడ లేచి, చెప్పులు సగమే వేసుకుని, రోడ్డు మీదకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు అత్తగారు ఫోటోని బల్ల మీద బోర్లించారు.

"ఆ జాకెట్టు నాకు తిరిగి ఇప్పించు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని ఇచ్చినప్పుడు రాసిన కాగితంలో ఉంది."

"తప్పకుండా అత్తయ్యా. సోమవారం..."

"ఇవాళ. తమ్ముడు కూడా వస్తున్నాడు. పదకొండింటికి నేరుగా అక్కడికే వస్తాం. ఆ పిల్లని కూడా రమ్మను. నీ ఫైల్లో ఏముందో అదీ తియ్యి. మొత్తం చూసే మాట్లాడతాను."

కోడలు తలూపింది.

భయమంతా ఆ ఫైల్లోనే ఉంది. బట్ట వచ్చిన మొదటి రోజున దాన్ని లోపలా బయటా చూసి, కనబడ్డదంతా ఒక షీటు మీద రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. పదకొండేళ్ళ కిందట కోడలు అలాగే రాసింది. చేతుల మడత, పక్క కుట్లు, చీలికలు, పాలమరక, ఎడంచేతి వాటం. భూతద్దం బుధవారం చెప్పినవన్నీ ఆ షీటు మీద ఆమె చేతిరాతలో పదకొండేళ్ళుగా ఉన్నాయి.

భర్తతో చెప్పక తప్పలేదు. పడగ్గదిలో మంచం మీద బట్టలు మడత పెడుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"నీకు తెలుసా? అప్పుడే?"

"చూశాను కాబట్టి తెలుసు."

"నాక్కూడా చెప్పలేదు."

"మీ నాన్నగారు పోయి అప్పటికి నాలుగు నెలలు. అత్తయ్య మనిషి మనిషిలో లేరు. ఆ జాకెట్టు ఇచ్చిన రోజే మొదటిసారి నవ్వారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడు ఎలా చెప్పను? తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత అన్నది ఎప్పుడొస్తుంది? రోజూ ఆవిడ పక్కన కూర్చుని టీ తాగాను. రోజూ చెప్పలేదు."

అందులో ఇంకో సంగతి కూడా ఉంది. చెబితే ఆవిడ జాకెట్టు వెనక్కి అడుగుతారేమోనన్న భయం. పెళ్ళి ఫోటో నకలుతో సహా వచ్చిన అంత మంచి బట్ట సేకరణలో మరొకటి లేదు. ఆ ముక్క భర్తతో అనలేదు గానీ, తనకి తెలుసు.

భర్త వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "పెన్సిలుతో రాసిందే కదా?" అన్నాడు.

"ఆఁ?"

"నీ షీటు. పెన్సిలేగా. చెరిపెయ్."

"ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"అమ్మకి ఇద్దరు తల్లులున్నారని తెలిసింది. అది ఎలాగో మింగుతుంది. కానీ నువ్వు పదకొండేళ్ళు దాచావని తెలిస్తే? ఆవిడకున్నది నువ్వొక్కదానివే. నేను కొడుకునే గానీ, నాకంటే నువ్వే ఎక్కువ. అది నాకెప్పుడో తెలుసు." మడత పెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడత పెట్టాడు. "రెండు లైన్లు చెరిపితే ఎవరికి నష్టం?"

"చూసింది చూసినట్టు రాయాలని ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి చెప్పి చంపుతున్నాను."

"రాశావుగా. రాసి దాచుకున్నావు. ఇప్పుడొచ్చి సత్యవ్రతం గురించి నాకు చెప్పకు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. కోడలు బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. బ్యాగులో రబ్బరు ఎప్పుడూ ఉంటుంది.

తొమ్మిదిన్నరకి సేకరణ గదిలో ఆమె ఒక్కతే ఉంది. కిటికీలకి మందపాటి తెరలు, చల్లటి గాలి మరలోంచి సన్నటి హోరు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫైలు తెరిచింది. షీటు మీద తన అక్షరాలు ఇప్పటికంటే గుండ్రంగా ఉన్నాయి. రబ్బరు తీసి పక్కన పెట్టుకుంది.

ఏ లైన్లు? "ముందు చీలికలు మూసివేయబడ్డాయి" అన్నది చెరిపితే పాలమరక మిగులుతుంది. పాలమరక కూడా చెరిపితే చేతుల మడత మిగులుతుంది. ఒక్కటి తీస్తే తక్కినవన్నీ కలిసి దాన్నే చెబుతాయి. మొత్తం చెరిపితే షీటు మీద మిగిలేది ఆమె సంతకం ఒక్కటే.

తలుపు చప్పుడైంది. భూతద్దం.

"మేడం, పదకొండింటికి రమ్మన్నారట. నేను ముందే వచ్చేశాను." ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. "నాకు తెలీదు మేడం. ఆవిడ అక్కడ కూర్చున్నారని తెలిస్తే నోరెత్తేదాన్ని కాదు. ఒట్టు."

"నీ తప్పేం లేదు. కూర్చో."

"నా రిపోర్టు చించెయ్యనా?"

"ఎందుకు?"

"ఆవిడ తమ్ముడుగారు నిన్న డిపార్టుమెంటుకి ఫోన్ చేశారట. నేను తప్పు చదివానని రాసివ్వాలట." ముక్కు తుడుచుకుంది. "తప్పు చదివుంటే రాసిస్తాను మేడం. నిజంగానే నాకు చేతకాకపోవచ్చు. ఒక్కసారి మొదటి షీటుతో పోల్చి చూసుకుంటాను. ఎప్పుడూ రిపోర్టు అయ్యాక చూపిస్తారుగా."

చెయ్యి చాపింది. కోడలు గబుక్కున ఫైలు మూసింది.

"ఇప్పుడు కాదు."

ఇరవయ్యేళ్ళలో ఒక విద్యార్థికి షీటు చూపించనన్నది అదే మొదటిసారి. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని, బల్ల మీద రబ్బరునీ మేడం మొహాన్నీ మార్చి మార్చి చూసింది. మెళ్ళో అద్దం ఊరికే వేసుకోలేదు మరి. ఏమీ అడగలేదు. కోడలికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

పదకొండు కాకుండానే హెడ్మాస్టరుగారి గొంతు వరండాలో వినబడింది. అత్తగారి తమ్ముడే ఆయన; రిటైరై తొమ్మిదేళ్ళయినా ఆయన ఏ గదిలోకి వచ్చినా జనం లేచి నిలబడతారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆరడుగులు.

"అమ్మాయ్, ఇదేనా మీ బట్టల కొట్టు?"

"రండి బాబాయిగారూ. పెన్ను ఇక్కడ ఇచ్చెయ్యాలి."

"ఏమిటీ?"

"లోపలికి పెన్ను రాకూడదండీ."

ముప్పయ్యారేళ్ళు పిల్లల దగ్గర చీటీలు లాక్కున్న మనిషి. జేబులోంచి పెన్ను తీసి ఇస్తున్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఇంకో రోజైతే అత్తాకోడళ్ళిద్దరూ దాని గురించి వారం నవ్వుకునేవారు. కోడలు అలవాటు కొద్దీ అత్తగారి వైపు చూసింది. ఆవిడ చూడలేదు.

జాకెట్టు తెల్లగుడ్డ మీద పరిచి ఉంది. అత్తగారు సింకు దగ్గర చేతులు కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే ఆరేదాకా ఆగి, వచ్చి కూర్చున్నారు.

"చెప్పమ్మా," అన్నారు భూతద్దంతో. "మొన్న చెప్పిందే మళ్ళీ చెప్పు. భయపడకు."

ఆ పిల్ల చెప్పింది. ఒక్క మాట కూడా మారలేదు. అత్తగారు కుచ్చుల కింద మూసిన కుట్టు మీద చూపుడువేలు పెట్టి, పై నుంచి కింద దాకా మెల్లిగా నడిపించారు.

"అమ్మది ఎడంచెయ్యే," అన్నారు. "నాకు సూది పట్టడం నేర్పిందీ ఎడంచేత్తోనే. నేను కుడిచేత్తో కుడుతుంటే అద్దంలో చూసినట్టుందే అనేది."

"అక్కయ్యా, చాల్లే." హెడ్మాస్టరుగారు బల్ల మీద ఒక కాగితం పెట్టారు. ఇంటి దగ్గరే రాసుకొచ్చారు. "విను. 'ఈ జాకెట్టు యజమానురాలు అనారోగ్యం వల్ల చిక్కిపోయినందున తన కొలతలకు తానే సవరించుకొనెను. విద్యార్థిని పరిశీలనలో పొరపాటు దొర్లినది.' ఇంతే. నీ కోడలు దీని మీద సంతకం పెడుతుంది, ఫైల్లో ఉంటుంది, గొడవ వదిలిపోతుంది."

"చిక్కిపోతే చేతులు కూడా పొట్టివవుతాయాండీ?" అంది భూతద్దం. అనేసి నాలిక కరుచుకుంది.

"నువ్వాగు! పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒక గుడ్డ పీలిక చూసి మా అమ్మ మా అక్కకి అమ్మ కాదంటుందా? జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్న మనిషి. మా ఇద్దరికీ తేడా చూపించిందా ఏనాడైనా? అడగండి. అక్కయ్యకి పెద్ద ముక్క, నాకు చిన్న ముక్క! నేనేడిస్తే నన్నే తిట్టేది." ఆయన గొంతు జీరపోయింది. కోపం కాదు. భయం. అక్క తన అక్క కాకుండా పోతుందేమోనని. "అమ్మని ఇప్పుడెవరో మెట్టు దింపుతుంటే నేను చూస్తూ ఊరుకోను."

అత్తగారి వేలు ఇంకా ఆ కుట్టు మీదే ఉంది.

"నాకూ అదే కావాలిరా," అన్నారు అత్తగారు చివరికి.

అందరూ ఆవిడ వైపు చూశారు.

"మూడు రోజులుగా అదే చూసుకుంటున్నాను. ఎక్కడైనా ఒక్క చోట ఈ లెక్క తప్పితే బాగుండునని. డెబ్బయ్యేళ్ళు దాటాక నాకు కొత్త అమ్మెందుకు? ఉన్న అమ్మ చాలు." కోడలి వైపు తిరిగారు. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నా మొహం తేటగా ఉంది. "అమ్మాయ్. నీకు ఈ విద్య తెలుసు. నువ్వు నాతో ఏనాడూ అబద్ధమాడలేదు. తమ్ముడు రాసింది నిజమేనని నువ్వు సంతకం పెడితే నేను నమ్ముతాను. జాకెట్టు నీ దగ్గరే ఉంటుంది. ఇంటికెళ్ళి టీ తాగుదాం. ఇంక ఈ మాట ఎత్తను."

హెడ్మాస్టరుగారు పెన్సిలు అందించారు.

కోడలు తీసుకుంది. ఎంత చిన్న పని! రెండు అక్షరాలు గీస్తే ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది. ముసలావిడ నిద్రపోతుంది. భర్త వేళాకోళం చేస్తాడు. ఒక్క భూతద్దం మాత్రం తను చూసింది తప్పనుకుని, ఇక జన్మలో తన కళ్ళని తాను నమ్మదు. ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడి, మేడం చేతి వైపే చూస్తోంది.

అంతకంటే, అత్తగారి మొహం. నువ్వు ఏనాడూ అబద్ధమాడలేదు అన్న ఆ మొహం ముందు మొదటి అబద్ధం రాయాలి. పొద్దున స్టవ్ దగ్గర ఆడింది లెక్క వేస్తే, అది రెండోది.

పెన్సిలు కింద పెట్టింది.

"బాబాయిగారు రాసింది నిజం కాదు అత్తయ్యా. ఆ అమ్మాయి చూసిందంతా నిజం."

"నువ్వెలా చెబుతావ్? పొద్దున నువ్వేగా లోపల చూళ్ళేదన్నావు!" అన్నారు అత్తగారు.

"చూశాను."

ఫైలు తెరిచి షీటు తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. మింగలేక కక్కలేక పదకొండేళ్ళు మోసింది ఒక్క కాగితమంత బరువే ఉంది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. చదవడానికి చాలాసేపు పట్టింది. కోడలి చేతిరాత ఆవిడకి కొత్త కాదు. ఇంటి సరుకుల చీటీలన్నీ ఆ రాతే.

"నువ్వే రాశావు," అన్నారు.

"నేనే అత్తయ్యా."

"ఇక్కడేమిటి, ఖాళీ వదిలావు?"

"మొదట తొడుక్కున్న వారి పేరు. ఎప్పుడైనా తెలిస్తే రాద్దామని."

అత్తగారు ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత చూపు కిందకి, తేదీ మీదకి వెళ్ళింది. పెదవులు కదిలాయి. నెలలు లెక్కపెడుతున్నారు.

"మీ మామగారు పోయిన ఏడు," అన్నారు.

"అవునండీ. అందుకే చెప్పలేకపోయాను. మీరు అప్పటికే..."

"ఆ ఏడు మా మేనత్త వచ్చి మనింట్లో ఉంది. నాకు తోడుగా. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. మూడు నెలలుంది, నా గదిలోనే, నా పక్క మంచం మీదే." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను పుట్టేటప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్ళు. ఆ ఇంట్లోనే ఉంది. అన్నీ తెలిసిన మనిషి. నేనడిగితే చెప్పకుండా ఉండేది కాదు. అడగాలని నాకు తెలీలేదు."

ఆ మేనత్త పోయి నాలుగేళ్ళయింది.

"నువ్వొక్క మాట అనుంటే, ఆ రాత్రే పక్కకి తిరిగి అడిగేదాన్ని. ఎలా ఉండేది, ఎలా పోయింది, నన్ను ఎత్తుకుందా. ఇవేవీ వద్దు, పేరేమిటి అని అడిగేదాన్ని. ఇప్పుడు ఎవర్నడగను? మా అమ్మ పేరేమిటని నేనెవర్నడగనే?"

కోడలు ఆవిడ చేతిలోని షీటు వైపు చూసింది. ఆవిడ ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది, నాతో మాట్లాడకు అంటుందనుకుంది. ఇది మాత్రం పదకొండేళ్ళలో ఒక్కసారీ తనకి తట్టలేదు. బట్టలో ఉన్నదంతా చూసింది, పక్క గదిలో పడుకున్న మనిషిని చూడలేదు.

అత్తగారు షీటుని జాగ్రత్తగా, మడత పడకుండా, బల్ల మీద పెట్టారు. లేచారు. పొడగరి, ఆ వయసులో కూడా వంగలేదు.

"పదరా తమ్ముడూ. నేను మీ ఇంటికొస్తున్నాను."

"అలాగే అక్కయ్యా. మరి జాకెట్టు?"

"ఇక్కడే ఉండనీ. ఈ పిల్ల చదువుకుంటుంది."

గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. కోడలు రెండడుగుల వెనకే ఉంది. వెనక్కి తిరుగుతారేమోనని చూసింది.

"నా బట్టలు సర్ది పంపించమని ఆవిడకి చెప్పరా," అన్నారు అత్తగారు తమ్ముడితో.